ఆ ఊళ్ళో మిగిలిపోయిన గంట

"నలభై ఆవులంటే నలభై. ఒక్కటి తగ్గితే నా చెయ్యి నరుక్కుంటాను," అన్నాడు ఖండాంతరం, ఆ చేతులు అందరికీ కనపడేలా పైకెత్తి. "మంచు పడి కరెంటు పోయింది. పాలు పితికే మిషన్లన్నీ చచ్చి ఊరుకున్నాయి. ఆవులు పొదుగులు బిగిసి ఒకటే అరుపులు. అక్కడివాళ్ళకి చేత్తో పితకడం రాదు కదా, మిషను ఆగిపోతే ఆవు పక్కన నిలబడి వాళ్ళూ ఏడుస్తారు. అప్పుడు నేను చొక్కా చేతులు మడిచి, పీట లాక్కుని కూచున్నాను."

"మొన్న ముప్ఫై అన్నావుగా బాబాయ్?" అన్నాడు పంక్చర్లు వేసే అతను.

"మొన్న సగమే చెప్పాను. ఈలోగా నువ్వు లేచిపోయావు. మిగతా పది ఎవడు పితుకుతాడు, మీ మామ?"

బల్ల మీదున్న వాళ్ళంతా నవ్వారు. పంక్చర్ల అతను కూడా నవ్వాడు.

టీ కొట్టు అతని భార్యది. పొయ్యి ఆమెది, గిన్నె ఆమెది, తెల్లారకముందే లేచి నీళ్ళు మోసే నడుమూ ఆమెదే. కొట్టు ముందున్న బల్ల మాత్రం అతనిది. దూరదేశంలో ఒక చిన్న ఊళ్ళో, ఆవుల కొట్టంలో ఐదేళ్ళు పనిచేసి వచ్చాడు. వచ్చి ఎనిమిదేళ్ళయింది. ఆ ఐదేళ్ళు మాత్రం ఇంకా అయిపోలేదు, రోజూ కొంచెం పెరుగుతూనే ఉన్నాయి. ఊరివాళ్ళు అతనికి ఖండాంతరం అని పేరు పెట్టారు. వెక్కిరింపుకి పెట్టిన ఆ పేరుని అతను బిరుదులా మోస్తాడు.

ఈ రోజు బల్ల మీద ఒక కాగితం కూడా ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద అతని టీ గ్లాసు. పక్కన పెన్ను. బల్ల చివర, సంచీ ఒళ్ళో పెట్టుకుని, పట్నం నుంచి వచ్చిన వార్డెనమ్మ. ఎదురుగా చిన్న స్టూలు మీద ఖండాంతరం కూతురు. పదిహేడేళ్ళది. కాళ్ళ దగ్గర రేకు పెట్టె. ఆ పిల్లకి చెవులు వినపడవు. ఎనిమిదో ఏట వచ్చిన జ్వరం చెవుల్ని తీసుకుపోయింది. వినపడని పిల్లలకి కంప్యూటర్ పని నేర్పే బడిలో, హాస్టల్లో, ఈ ఏడాదికి ఒక్క సీటు మిగిలి ఉంటే అది తనకి వచ్చింది. ఒంటిగంట బస్సుకి ఎక్కాలి. క్లాసులు రేపటి నుంచే. ఎక్కకపోతే ఆ సీటు కోసం ఇంకో ఊళ్ళో ఇంకో పిల్ల పెట్టె సర్దుకుని కూచుంది.

కావలసింది ఒక్క సంతకం.

"నేను పెడతానమ్మా," అంది తల్లి పొద్దున్నే, చేతులు తుడుచుకుని.

"తండ్రి బతికుంటే తండ్రి సంతకమే కావాలమ్మా. మా రూలు," అంది వార్డెనమ్మ కాస్త మొహమాటపడుతూ.

తండ్రి బతికుండటం పిల్ల చదువుకి ఇంత అడ్డమవుతుందని తల్లి ఎప్పుడూ అనుకోలేదు. గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయింది. అప్పుడు పదిన్నర. ఇప్పుడు పన్నెండు దాటింది.

"మీరు సంతకం పెట్టేస్తే..." అంది వార్డెనమ్మ.

"పెడతానండీ మేడం, పెన్నుకేమైనా కాళ్ళున్నాయా పారిపోవడానికి? మీరు కొత్తగా వచ్చారు. మా కథ వినాలి మీరు. ఎక్కడున్నాం? ఆఁ, నలభై. ఆ నలభై పితికి లేచేసరికి పక్క కొట్టంవాడు వచ్చి నిలబడ్డాడు. వాడివి నూట అరవై. వాడి వెనక ఇంకోడు. మొత్తం నాలుగు వందల ఆవులు, తెల్లారేసరికి ఖాళీ. నా వేళ్ళు ఎంత వేడెక్కాయంటే, బకెట్లో పాలు వాటంతటవే కాగాయి. ఊరంతా కప్పులు పట్టుకుని వచ్చి అక్కడే తాగారు."

పిల్ల కళ్ళు తండ్రి పెదాల మీద ఉన్నాయి. ఊళ్ళో అందరి మాటల్లోకీ తండ్రి మాటలు చదవడమే ఆ పిల్లకి తేలిక. ప్రతి మాటా నోరంతా తెరిచి, కనుబొమ్మలెగరేసి, చేతులు తిప్పి చెబుతాడు. నిజం చెప్పేవాళ్ళు నోట్లోనే గొణుక్కుంటారు. కోతలు కోసేవాళ్ళ మాటే చూడటానికి స్పష్టంగా ఉంటుంది. తల్లి మాటలు పిల్లకి కష్టం. ఆమె ఎప్పుడూ పొయ్యి వైపు తిరిగి ఉంటుంది.

"ఆ ఊరు కూడా మన ఊరంతే ఉంటుందా?" అని అడిగాడు దర్జీ.

"మన ఊరికీ ఆ ఊరికీ తేడా ఒక్కటే. ఇక్కడ మనుషులు ఎక్కువ, ఆవులు తక్కువ. అక్కడ ఆవులు ఎక్కువ, మనుషులు ఎక్కడో ఒకళ్ళు. ఇక్కడ ఆవుకి పేరు పెడతాం. అక్కడ చెవికి నంబరు బిళ్ళ కుడతారు. నాకు ఉండబట్టలేదు. మూడొందల యాభై రెండు అని పిలిస్తే ఏ ఆవు పలుకుతుంది చెప్పు? అన్నిటికీ పేర్లు పెట్టాను. మన మాటలు నేర్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవులన్నీ మన టైముకి మారిపోయాయి! అక్కడి గడియారం మన గడియారానికి ఎనిమిది గంటలు వెనక. మనకి మధ్యాహ్నం పన్నెండైతే వాళ్ళకింకా తెల్లవారుజామున నాలుగు. నా ఆవులేమో మన ఊళ్ళో పాలు పితికే వేళకి అరవడం మొదలుపెట్టాయి. యజమాని లబోదిబోమన్నాడు."

"ఆవుకి ఎనిమిది గంటలు తీసెయ్యడం వచ్చా?" అన్నారు లెక్కల మాస్టారు. రిటైరయ్యి పన్నెండేళ్ళయినా లెక్క తప్పితే ఆయన ఊరుకోలేరు.

"మీరు ముప్ఫై ఏళ్ళు చెప్పినా మన ఊరి పిల్లలకి రాలేదు మాస్టారూ, నేను ఆరు నెలల్లో ఆవులకి నేర్పాను. అదీ తేడా." మళ్ళీ నవ్వులు. "అది పెద్ద విషయం కాదు. అసలు విషయం వినండి. అక్కడ సాయంత్రం నాలుగయ్యేసరికి ఇక్కడ రేపు మొదలైపోతుంది. అవునా, కాదా?"

మాస్టారు వేళ్ళ మీద లెక్కేశారు. "అవును."

"అదీ! సాయంత్రం నాలుగవగానే మా యజమాని టోపీ చేతిలో పట్టుకుని నా గది ముందు నిలబడేవాడు. 'అయ్యా, మీ ఊళ్ళో రేపు వచ్చేసింది కదా, ఎలా ఉంది?' అని. నేను తలుపు సందులోంచి, 'వాన పడుతుంది, గడ్డి లోపల పెట్టుకో' అనేవాణ్ణి. పడేది! నెల తిరిగేసరికి ఊరు ఊరంతా నా గుమ్మంలో క్యూ. రేపు మా ఆవిడ మాట్లాడుతుందా అని ఒకడు, రేపు నేను బతికుంటానా అని ఒక ముసలాయన. అందరికీ చెప్పాను. ఆ ముసలాయనకి మాత్రం, ఇంకా కబురు రాలేదు తాతా, పడుకో అన్నాను."

ఈసారి నవ్వు ఆలస్యంగా వచ్చింది. వార్డెనమ్మ వాచీ చూసుకుంది. పన్నెండూ ఇరవై.

పొయ్యి దగ్గర ఆమె పాలు పొంగకుండా గరిటె తిప్పుతోంది. ఆ గుమ్మం ముందు క్యూ సంగతి ఆమెకి తెలుసు. ఒక రేకుల షెడ్డులో ఎనిమిది మంచాలు, ఎనిమిది మంది మగాళ్ళు. పనిలోకి వెళ్ళేటప్పుడు ఫోన్లన్నీ ఒక చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పొద్దున పదింటికి విరామం. ఆ పది నిమిషాలే ఫోన్లు చేతికిస్తారు. అక్కడ పదంటే ఇక్కడ సాయంత్రం ఆరు. ఐదేళ్ళు ఈ ఇంట్లో పొద్దు పొడిచిందీ కుంకిందీ ఆ ఆరు గంటల చుట్టూనే. అన్నం, స్నానం, పిల్ల పాఠం, అన్నీ ఆరుకి ముందో, ఆరు తర్వాతో. బియ్యం నిండుకున్నాయని చెప్పాలన్నా ఆరు. పుట్టింటికి వెళ్ళి రానా అని అడగాలన్నా ఆరు.

"ఇక్కడ పట్టండి అసలు సంగతి," అన్నాడు ఖండాంతరం, బల్ల మీద ముందుకి జరిగి. "ఆ దేశంలో ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని మారుస్తారు."

"మార్చడమేంటి, కొత్తది కొంటారా?" అన్నాడు పంక్చర్ల అతను.

"కొనడం కాదురా. ఎండాకాలం రాగానే దేశం దేశమంతా ముల్లుని ఒక గంట ముందుకి తిప్పుతుంది. చలికాలం రాగానే వెనక్కి తిప్పుతుంది. మా ఊరి మధ్యలో పెద్ద గడియారం ఉంది, మన వాటర్ ట్యాంకంత ఎత్తు. ఆ ఏడు చలికాలం మొదట్లో ముల్లు బిగుసుకుపోయింది. నలుగురు ఎక్కారు, కదల్లేదు. ట్రాక్టరు కట్టి లాగారు, ట్రాక్టరే పడిపోయింది. పిలవండి అతన్ని, అన్నారు. ఎవర్ని? నన్నే. ఎక్కాను. నాలుగొందల ఆవుల్ని పితికిన చెయ్యి ఇది! ముల్లుని ఇలా రెండు వేళ్ళతో పట్టి, మెల్లిగా కిందకి లాగాను. వచ్చేసింది. ఊరంతా చప్పట్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

కథ ఇక్కడి నుంచి ఎటు తిరుగుతుందో బల్ల మీద వాళ్ళకి తెలుసు. పొయ్యి దగ్గర గరిటె ఆగింది.

"గంట వెనక్కి తిప్పితే ఒక గంట మిగులుతుంది కదా? ఆ మిగిలిన గంట ఎవరిది? ఊరి పెద్ద వచ్చి నా చేతులు పట్టుకున్నాడు. 'ఇది నీ కష్టం, నువ్వే ఉంచుకో' అన్నాడు. కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను."

"బరువుంటుందా?" అన్నాడు పంక్చర్ల అతను, ఉండబట్టలేక.

"అప్పుడే పుట్టిన దూడంత. వెచ్చగా ఉంది. జేబులో కదుల్తోంది కూడా. ఎందుకు పనికొస్తుందిలే అనుకున్నాను. మర్నాడే ఇంటి నుంచి ఫోన్. నా చిట్టితల్లికి ఒళ్ళు కాలిపోతోంది, మెడ పట్టేసింది, వెలుతురు చూడలేకపోతోంది అని." అతను పిల్ల వైపు చూశాడు. పిల్ల మొహం వికసించింది. ఈ కథ తనది. ఈ కథలో తండ్రి తన కోసం ఆకాశాన్ని అడ్డంగా దాటి వస్తాడు. "ఎనిమిది గంటల దూరం! ఏం చెయ్యాలి? జేబులోంచి గంట తీశాను. దాని మీదే కూచుని బయల్దేరాను. సూర్యుడికి ఎదురు! విమానాలు వెనకపడిపోతున్నాయి, సముద్రం మీద మేఘాలు పక్కకి తప్పుకుంటున్నాయి..."

"ఒరేయ్," అన్నారు లెక్కల మాస్టారు, ఇక భరించలేక. "ఇక్కణ్ణుంచి అటు పోతే గంటలు కలిసొస్తాయి. అటు నుంచి ఇటు వస్తే పోతాయి. నువ్వెంత తొందరగా వచ్చినా ఇక్కడ ఇంకా ఆలస్యమే అవుతుంది."

"మీ లెక్కలు నేల మీద పనికొస్తాయి మాస్టారూ. నేనున్నది గాల్లో."

"అది తెలుస్తూనే ఉంది."

"సరిగ్గా ఆరు గంటలకి మన బస్ స్టాపులో దిగాను. ఇదిగో, ఇక్కడే. పట్నం వెళ్ళే ఆఖరి బస్సు ఆరుంబావుది. ఎక్కలేదు! పిల్లని భుజాన వేసుకుని పరుగు. బస్సు నా వెనక హారన్ కొడుతోంది, దారివ్వమని. ఇవ్వలేదు. పట్నం దాకా ఇవ్వలేదు. డాక్టరు గుమ్మంలో నిలబడి చూసి, ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదు, తండ్రంటే నువ్వయ్యా అన్నాడు."

"మరి చెవులు?" అని అడిగింది వార్డెనమ్మ. ఆమెకి ఈ కథ కొత్త కదా.

ఖండాంతరం నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు కూడా చాలాసార్లు వాడి అరగదీసినదే. "పది నిమిషాలు ముందైతే చెవులు కూడా దక్కేవి మేడం. ఆ పది నిమిషాలు ఎక్కడ పోయాయో తెలుసా? పిల్ల చెప్పులు కనపడలేదు. ఇల్లంతా వెతికాను. మీ ముందు చెప్పకూడదు గానీ, ఈవిడ ఎక్కడ పెట్టిందో ఈవిడకే తెలీదు. పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే ఏం చెయ్యాలో తోచక మూల కూచుని ఏడుస్తోంది. ఆడవాళ్ళ చేతిలో పెడితే అంతే." కాగితం మీద గ్లాసు తీసి, కాగితాన్ని బల్ల అవతలికి తోశాడు. "అందుకే చెబుతున్నాను. హాస్టలూ వద్దు, గీస్టలూ వద్దు. ఒకసారి చూశాం కదా. నా బిడ్డ నా కళ్ళ ముందుండాలి. నేనున్నానుగా."

వార్డెనమ్మ పిల్ల తల్లి వైపు చూసింది. జాలీ కాదు, కోపమూ కాదు. చెప్పులు ఎక్కడ పెట్టావమ్మా అన్నట్టున్న చూపు. ఎనిమిదేళ్ళుగా ఆ చూపు ఆమెకి అలవాటే. దర్జీ భార్య చూసింది, పాల కేంద్రంలో ఆడవాళ్ళు చూశారు, ఒకసారి కన్నతల్లే చూసింది. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. అతను చెబుతున్నది పచ్చి అబద్ధమే. కానీ అందులో ఆమె తప్పు చెప్పులంత చిన్నది. నిజంలో అంత చిన్నది కాదు. అందుకే నోరు మూసుకుంది.

వార్డెనమ్మ లేచి సంచీ భుజాన వేసుకుంది. పన్నెండూ నలభై.

"సీటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానండీ అయితే."

"ఆగండమ్మా," అంది తల్లి.

పొయ్యి ఆర్పి ఇవతలికి వచ్చింది. టీ కొట్టు ఆవిడ కొట్టులోంచి బయటికి వచ్చి నిలబడటం బల్ల మీద వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

"ఆయన రాలేదు," అంది.

"ఏయ్, కథ మధ్యలో..." అన్నాడు ఖండాంతరం నవ్వుతూ.

"ఆయన వచ్చింది పద్నాలుగు నెలల తర్వాత. ఒప్పందం అయ్యాక. అప్పటికి పిల్ల పెదాలు చూసి మాటలు పట్టుకోవడం కూడా నేర్చుకుంది. చెప్పులు పిల్ల కాళ్ళకే ఉన్నాయి. నేనే తొడిగాను, ఐదున్నరకి. బస్సుకి తీసుకెళ్దామని."

"మరి?" అన్నారు మాస్టారు, మెల్లగా.

"మా అత్త గడప మీద కూచుంది. వాడి మాట లేకుండా పట్నం ఎలా వెళ్తావు, ఆరింటికి ఫోనొస్తుంది కదా, అడిగి వెళ్ళు అంది. సరే ఆరెంతలో అవుతుంది, ఆరుంబావుకి కదా బస్సు అనుకున్నాను. ఆరింటికి ఫోన్ రాలేదు. నేను చేశాను. ఎత్తలేదు. ముందురోజే వాళ్ళ గడియారం మార్చారంట. అక్కడ ఇంకా తొమ్మిదేనంట. పదవ్వలేదంట. విరామం ఇవ్వలేదంట." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "బస్సు హారన్ వినపడింది. ఇంటి ముందు నుంచే పోతుంది. మా అత్త ముసలిది, పక్కకి నెట్టి వెళ్ళిపోవచ్చు. నేను నెట్టలేదు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని, ఆరు నుంచి ఏడు దాకా కూచున్నాను. ఈయన జేబులో పెట్టుకున్నానంటున్నాడే, మిగిలిన గంట, అది నా దగ్గరుంది."

"ఏడింటికి ఫోన్ చేశాడా?" అంది వార్డెనమ్మ.

"చేశాడు. అయ్యో, గంట మారింది కదా, ఈసారి నీకు చెప్పడం మర్చిపోయాను అన్నాడు. ఊరందరికీ రేపు ఎలా ఉంటుందో చెప్పే మనిషి, ఇంటికి ఆ ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయాడు. పొద్దున్న బస్సు దాకా పిల్ల అలాగే ఉంది. డాక్టరు నన్నే అడిగాడు, నిన్న సాయంత్రం ఏం చేస్తున్నావమ్మా అని."

చెబుతూ చెబుతూ ఆమె చూసింది. పిల్ల స్టూలు మీద లేదు. లేచి వచ్చి తండ్రి భుజం పక్కన, తల్లి మొహం సూటిగా కనపడే చోట నిలబడింది. ఎండ తల్లి మొహం మీదే పడుతోంది. ఎప్పుడు వచ్చిందో, ఎక్కణ్ణుంచి చదివిందో తెలీదు. ఆపెయ్యాలనిపించింది. అప్పటికే ఆపడానికి ఏమీ మిగల్లేదు.

"నువ్వు రాలేదా?" అని అడిగింది పిల్ల తండ్రిని. తన గొంతు తనకి వినపడక, ఆ పిల్ల మాట గోడకి కొట్టినట్టు చదునుగా వస్తుంది.

నాలుగొందల ఆవుల్ని పితికిన మనిషి నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. చదవడానికి వాటి మీద ఏమీ లేదు.

పిల్ల తల్లి వైపు తిరిగింది. "గంట సేపా?"

ఆమె తలూపింది.

పిల్ల వంగి కాగితం తీసి తండ్రి ముందు పెట్టింది. పెన్ను మూత తీసి ఇచ్చింది. అతను సంతకం పెట్టాడు. ఒక్క కోత లేకుండా, పేరు పూర్తిగా రాశాడు. బల్ల మీద వాళ్ళు అది చూడలేక రోడ్డు వైపు చూశారు. పంక్చర్ల అతను పనుందంటూ లేచాడు.

బస్సు పది నిమిషాలు ముందే వచ్చింది. వార్డెనమ్మ రేకు పెట్టె పైకి అందించింది. పిల్ల ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, కొట్టు వైపు కిటికీ దగ్గరే కూచుంది. ఆ వైపే కూచోవడం చూసింది తల్లి. ఆమె పరిగెత్తింది. వెనకే అతనూ వచ్చాడు. కిటికీ కింద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఎనిమిదేళ్ళలో వాళ్ళిద్దరూ అలా ఒకే వైపు చూస్తూ నిలబడటం అదే మొదటిసారి.

"అమ్మా, విను," అంది తల్లి. నోరంతా తెరిచి, ఒక్కో మాటా విడివిడిగా, అతను చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది. "ఆ రోజు నేను..."

పిల్ల ఆమె మొహంలోకి సూటిగా చూసింది. పక్కనున్న తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత తల వెనక్కి ఆనించి, మెల్లగా కళ్ళు మూసుకుంది.

"అలిసిపోయినట్టుంది, నిద్రపోనివ్వండమ్మా," అంది వార్డెనమ్మ లోపలి నుంచి.

ఆమె కిటికీ ఊచ పట్టుకుని చెబుతూనే ఉంది. అతను కూడా చెబుతున్నాడు. బస్సు కదిలింది. ఊచ చేతిలోంచి జారిపోయేదాకా ఆ పిల్ల కళ్ళు తెరవలేదు.